పరదేశపు పిల్ల మనింట ఉంటే

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగపాఠం)



ఈ రోజుల్లో మనం ఆడవాళ్ళం నలుగురం ఒకచోట చేరితే ముందుగా వచ్చే మాట ఏమిటో మీకు తెలుసు. "మీ వాడు ఏ దేశంలో ఉన్నాడు? మీ అమ్మాయి ఎక్కడ చదువుతోంది?" ఆ వెంటనే ఒక నిట్టూర్పు. అక్కడ పిల్లకి వేళకింత వండిపెట్టేవాళ్ళున్నారా, జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి వేసి చూసేవాళ్ళున్నారా అని. సరిగ్గా అదే వేళకి మరో దేశంలో మరో తల్లి, మన ఊరిపేరు నోరు తిరగక తడబడుతూ, "నా బిడ్డని అక్కడ ఎవరు చూస్తున్నారో" అనుకుంటూ ఉంటుందన్న సంగతి మాత్రం మనకి చప్పున తట్టదు. నాకూ తట్టలేదు. అలాంటి ఒక తల్లి కన్నబిడ్డ మా ఇంట్లో మూడేళ్ళు ఉంది. ఆ మూడేళ్ళలో నేను నేర్చుకున్నవి, కొంత సిగ్గుపడుతూ నేర్చుకున్నవి, మీతో చెప్పుకుందామని వచ్చాను.

మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మాకు నడిచి వెళ్ళేంత దూరం. విదేశాల విద్యార్థులు, ముఖ్యంగా ఆఫ్రికాలోని ఇథియోపియా దేశంనుంచి వచ్చి పరిశోధన చేసేవాళ్ళు, మా వీధుల్లో కొత్తవాళ్ళేమీ కారు. కూరలబండి దగ్గర బేరమాడుతూ కనిపిస్తూనే ఉంటారు. కనిపించడం వేరు, వాళ్ళకి ఇంట్లో చోటివ్వడం వేరు కదండీ!

2020 మార్చి నెల మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా భయంతో దేశమంతా తలుపులు మూసుకుంటున్న రోజులు. ఒకరాత్రి మా తమ్ముడు ఫోను చేశాడు. వాడు 2008 నుంచి నాలుగేళ్ళు ఇథియోపియాలో మెకెలె అనే ఊళ్ళో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పి వచ్చాడు. మన తెలుగువాళ్ళు ఆ రోజుల్లో చాలామందే అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు చేశారు. "అక్కా, నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి మీ ఊళ్ళో పీహెచ్‌డీ చేస్తోంది. అద్దెగది ఖాళీ చెయ్యమన్నారట. విమానాలు లేవు. ఒక పదిరోజులు ఉంచుకోగలవా?" అన్నాడు. నేను తటపటాయించాను. వాడు ఇంకొక్క మాటే అన్నాడు. "నేను వాళ్ళింటి వెనక గదిలోనే అద్దెకుండేవాణ్ణి. వాళ్ళమ్మ నాలుగేళ్ళు నాకు అన్నం పెట్టింది."

ఇక నేనేమనను? పదిరోజులకని రెండు పెట్టెలతో వచ్చిన అమ్మాయి మూడేళ్ళు ఉండిపోయింది.

ముందుగా కాగితాల సంగతి చెప్పేస్తాను, మళ్ళీ మరిచిపోతాను. విదేశీయులెవరైనా మనింట్లో బస చేస్తే, చుట్టమైనా సరే, అద్దెకైనా సరే, 24 గంటల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారులకి తెలియజేయాలి. ఇది హోటళ్ళకే కాదు, మనలాంటి సంసారులకి కూడా వర్తిస్తుంది. చాలాకాలం దీన్ని 'సి ఫారం' అనేవారు, ఆన్‌లైన్‌లోనే పంపేవాళ్ళం. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత చట్టాలు పోయి కొత్త చట్టం వచ్చింది కనుక ఇప్పటి పద్ధతి కనుక్కుని పంపండి. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఒక సెట్టు మీ బీరువాలో ఉంచండి. వీసా గడువు ఎప్పటితో తీరుతుందో మీ కాలెండరు మీద కూడా రాసుకోండి. ఆ పిల్ల చదివే చోట విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసు ఉంటుంది, దాని ఫోను నంబరు దగ్గర పెట్టుకోండి. ఇదంతా అనుమానంతో చేసే పని కాదు. ఆ పిల్లకి రక్షణ, మనకి నిశ్చింత.

రెండోది డబ్బు. నేను మొదట "నీ దగ్గర డబ్బు తీసుకోవడమేమిటమ్మా" అన్నాను. చాలా గొప్పగా అన్నాననుకున్నాను. వారం తిరిగేసరికి ఆ అమ్మాయి రెండోసారి వడ్డించుకోవడం మానేసింది. ఫాను వేసుకోవడానికి కూడా మొహమాటపడేది. మెకెలె 2,000 మీటర్ల పైన ఎత్తులో ఉండే చల్లటి ఊరు. మన ఏప్రిల్ ఉక్కలో ఫాను లేకుండా ఎలా నిద్రపోయిందో దేవుడికెరుక. అప్పుడు మావారు కూర్చుని గదికింత, సరుకులకింత అని కొద్దిపాటి మొత్తం లెక్కకట్టారు. ఆ మర్నాడే ఆ అమ్మాయి, "అక్కా, ఇంకాస్త పప్పు వెయ్యండి" అంది. ధర్మానికి ఉన్నవాళ్ళు అడగలేరు. ఆ సంగతి నాకప్పుడు తెలిసింది.

ఇక తిండి. మాది శాకాహారం. మా అత్తగారికి అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు, మడీ ఆచారం ఉన్న మనిషి. "మా ఇంట్లో మాంసం, గుడ్లు వండమమ్మా" అని ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే, ఆ అమ్మాయి పళ్ళెం ముందు కూర్చుని మా పెరుగు వద్దంది! నెయ్యి వద్దంది. మజ్జిగ కూడా వద్దంది. అలిగిందా అనుకున్నాను. కాదుట. అవి వాళ్ళ పెద్ద ఉపవాసం రోజులు. ఇథియోపియా క్రైస్తవులు ఈస్టరుకి ముందు 55 రోజులు మాంసమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మంచినీళ్ళయినా తాగనివాళ్ళుంటారు. ఇవి కాక ఏడాది పొడుగునా చాలా బుధవారాలు, శుక్రవారాలు కూడా ఉపవాసమే. మా తమ్ముడు మాంసం తినడని తెలిశాక వాళ్ళమ్మ, "పాపం, ఈ మాస్టారికి ఏడాదంతా ఉపవాసమేనా" అని జాలిపడి, రోజూ ఉపవాసపు వంటే విడిగా చేసి పెట్టేదిట.

వాళ్ళ భోజనం చూస్తే మనకి అంత పరాయిగా ఉండదు. టెఫ్ అని గసగసాలంత సన్నటి గింజ వాళ్ళ ముఖ్యమైన ధాన్యం. ఆ పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద ఒకపక్కే కాల్చి, ఇంజెరా అనే అట్టు పోస్తారు. ఇక్కడ టెఫ్ దొరక్క ఆ అమ్మాయి రాగిపిండి, బియ్యప్పిండి కలిపి పులియబెట్టి పోసింది. మన పుల్లట్టుకి పెద్దక్కలా ఉంది. నంజుకోవడానికి శనగపిండి కూర, ఎర్రపప్పు, ఘాటైన కారప్పొడి. తినేది కుడిచేత్తోనే. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుంటారు. ప్రేమ ఉన్నవాళ్ళకి ఒక ముద్ద చుట్టి నోట్లో పెడతారు. మన గోరుముద్ద అనుకోండి, పెద్దవాళ్ళకి కూడా పెడతారు, అంతే తేడా.

ఇక్కడ ఆగి నేను ఒక తప్పు ఒప్పుకోవాలి.

ఆ అమ్మాయి వచ్చిన రోజున నేను ఒక కంచం, ఒక గ్లాసు వేరుగా తీసిపెట్టాను. రోగం రోజులు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పధ్నాలుగు రోజులు గడిచాయి. రోగం లేదని తేలింది. గ్లాసు మాత్రం వేరుగానే ఉంది. మావారు అడిగితే, "అత్తయ్యగారు బాధపడతారండీ" అన్నాను. నిజం చెప్పాలంటే మా అత్తగారు ఆ గ్లాసు గురించి నాతో ఒక్క మాటైనా అనలేదు. ఆవిడ పేరు చెప్పి దాని వెనక నేను దాక్కున్నాను. ఆ అమ్మాయి మాత్రం తిన్న కంచం, గ్లాసు తనే తోముకుని, కిటికీలో బోర్లించి పెట్టేది. ఏనాడూ ముఖం చిన్నబుచ్చుకోలేదు. "తెలిసినట్టు లేదులే" అని నేను సర్దుకున్నాను.

ఆ ఏడాది వాళ్ళ ఈస్టరు ఏప్రిల్ 19న వచ్చింది. కింది వాటాలో ఉండే నా స్నేహితురాలు తన వంటింట్లో కోడికూర వండుకోనిచ్చింది. ఆ అమ్మాయి అక్కడే తిని, తలస్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకుని పైకొచ్చింది. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి తన కంచం, గ్లాసు తీసి, మా గిన్నెలబుట్టలో మా గ్లాసుల మధ్య పెట్టింది. పెట్టి నావైపు తిరిగి ఏమందో తెలుసాండీ? "థాంక్స్ అక్కా. 55 రోజుల్లో మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా ఉపవాసం చెడకుండా నాకు వేరే గ్లాసు పెట్టారు. మా అమ్మ కూడా మాస్టారికి ఇలాగే మాంసం తగలని గిన్నెలు వేరుగా ఉంచేది. ఇక అక్కర్లేదు, ఉపవాసం అయిపోయింది."

నేను అక్కడే నిలబడిపోయాను. నా గ్లాసూ వేరే, వాళ్ళమ్మ గిన్నే వేరే. ఆవిడ ఎందుకు వేరు పెట్టింది, నేనెందుకు పెట్టాను? నోటితో నిజం చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. మా అత్తగారు పడకకుర్చీలోంచి అంతా వింటున్నారు. కాసేపటికి, "కోడలా, మాత్ర వేసుకోవాలి, ఆ బుట్టలోంచి ఏదో ఒక గ్లాసుతో నీళ్ళు తే" అన్నారు. 'ఏదో ఒక' అన్న మాట ఆవిడ నొక్కి అన్నారో, మామూలుగానే అన్నారో నాకు ఈనాటికీ తెలీదు.

ఆ తర్వాత ఇంకో పొరపాటు. లాక్‌డౌన్ సడలించాక మా ఇంటికి వచ్చిన ప్రతివారికీ నేను ఆ అమ్మాయిని పిలిచి చూపించేదాన్ని. సరదాగానే. వచ్చినవాళ్ళు జుట్టు పట్టుకు చూసేవారు. "ఇది సొంత జుట్టేనా?" అనేవారు. ఒకావిడ రంగు గురించి తెలుగులో ఏదో అని నవ్వింది. భాష రాకపోయినా నవ్వు అర్థం కాకుండా ఉంటుందా? ఆ సాయంత్రం ఆ అమ్మాయి గదిలోంచి రాలేదు. మన పిల్లని పరాయిదేశంలో ఎవరో పిలిచి, బొట్టుమీద వేలుపెట్టి "ఇదేమిటి" అని నలుగురిముందు గిల్లి చూస్తే మనకెలా ఉంటుంది? అప్పటినుంచి ఎవరైనా వస్తే, తనకి రావాలనిపిస్తేనే వచ్చేది. గదికి లోపలివైపు గడియ పెట్టించాం. వీధి తలుపు తాళంచెవి ఒకటి తన చేతికిచ్చాం. తాళంచెవి ఇచ్చిన రోజున ఆ అమ్మాయి ముఖం చూడాలి! కొసరి కొసరి వడ్డించినప్పుడు కూడా అంత వెలగలేదు.

మా అత్తగారికీ తనకీ స్నేహం కలిపింది మాత్రం కాఫీ. కాఫీ చెట్టు పుట్టిల్లు ఇథియోపియా అడవులే. మన అరకులో గిరిజనులు పండించే అరబికా కాఫీ కూడా ఆ జాతిదే. ఒక ఆదివారం ఆ అమ్మాయి అరకు పచ్చిగింజలు తెప్పించి, కడిగి, మూకుట్లో మాడకుండా వేయించింది. పొగ వస్తుంటే ఆ మూకుడు ఒక్కొక్కరి ముఖం దగ్గరికీ తెచ్చి వాసన చూపించింది. రోట్లో దంచింది. సాంబ్రాణి వెయ్యమంది. మొక్కజొన్న పేలాలు పళ్ళెంలో పోసింది. వాళ్ళకి జబెన అనే సన్నమెడ మట్టికూజా ఉంటుంది, మాకు లేదు కనుక గిన్నెలోనే మరిగించింది. మూడుసార్లు పోస్తారు. అదే పొడిమీద మళ్ళీ నీళ్ళు పోసి కాస్తారు గనుక, మొదటిది చిక్కన, మూడోది పల్చన. మూడోదాని పేరు 'బరక', అంటే దీవెన. మొదటి గిన్నెతో లేచిపోతే మర్యాద కాదు.

ఫిల్టరు కాఫీకి అలవాటు పడ్డ మా అత్తగారు పాలు లేని ఆ కషాయం ఒక్క గుక్క తాగి ముఖం ముడిచారు. అయినా మూడూ తాగారు. "ఇప్పుడు మీ దేశంలో ఏ సంవత్సరం నడుస్తోందే పిల్లా?" అని అడిగారొకసారి. సెప్టెంబరు 11న వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది. "2013, మామ్మా" అంది ఆ అమ్మాయి. వాళ్ళ లెక్క మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక. నెలలు పదమూడు. "అయితే అక్కడికి వెళ్తే నా వయసు ఏడేళ్ళు తగ్గుతుందన్నమాట" అన్నారు మా అత్తగారు. పదమూడో నెల సంగతి ఆవిడకి వింతనిపించలేదు. ఆ ఏడు మనకీ అధిక ఆశ్వయుజం వచ్చింది కదా!

ఇలా హాయిగా గడుస్తుండగా 2020 నవంబరు మొదటివారంలో వాళ్ళ టిగ్రాయ్ ప్రాంతంలో యుద్ధం మొదలైంది. మెకెలె ఆ ప్రాంతపు ముఖ్యపట్టణం. ఫోన్లు ఆగిపోయాయి. ఆదివారం ఆదివారం వాళ్ళమ్మతో మాట్లాడే పిల్ల, ఆ ఆదివారం ఫోను పట్టుకుని వరండాలో కూర్చుని నంబరు నొక్కుతూనే ఉంది.

నేనేం చేశానో చెప్పనా? "ఏం కాదులేమ్మా, అంతా బాగానే ఉంటారు" అన్నాను. రోజూ అన్నాను. టీవీలో ఆ వార్త వస్తే కట్టేశాను. మంచికే చేశాననుకున్నాను. నాలుగోనాడు ఆ అమ్మాయి మెల్లిగా, "అక్కా, ఏం కాదని మీకెలా తెలుసు?" అంది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. ఓదార్చే మాటలు ఆ అమ్మాయికి తెలుగులో అర్థం కావు. అందుకని ఆవిడ మాటలేమీ అనలేదు. ఆదివారం నాలుగు గంటలయ్యేసరికి మూకుడు తీసి పొయ్యిమీద పెట్టేవారు. పెట్టి, "పిల్లా, కాఫీ" అని కేకేసేవారు. మూడు గిన్నెలయ్యేదాకా ఇద్దరూ కూర్చునేవారు. ఏడిస్తే ఏడవనిచ్చేవారు. నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. కష్టంలో ఉన్న పరాయిబిడ్డకి మనం చెప్పగలిగేది ఏమీ లేనప్పుడు, ఒక వేళ, ఒక పని, పక్కన ఒక మనిషి, ఇవి ఇవ్వగలం.

డిసెంబరులో ఒకసారి ఫోను కలిసింది. అమ్మ బతికే ఉంది. తర్వాత 2021 జూన్ చివర మళ్ళీ తెగిపోయింది. ఈసారి పదిహేడు నెలలు పైన. బాంకులు కూడా పనిచెయ్యలేదు, ఇంటినుంచి డబ్బు ఆగింది. అద్దె సంగతి వదిలెయ్యమన్నాను. వదల్లేదు. ప్రతినెలా ఒక నోటుపుస్తకంలో బాకీ రాసుకునేది. నేను ఆ పుస్తకం చింపెయ్యబోయాను గాని, మావారు ఆపారు. "రాసుకోనీ. ఆ లెక్కే ఆ పిల్లని నిలబెడుతోంది" అన్నారు. నిజమే. ఇంటికి వెళ్ళాక ఆ బాకీ విడతలుగా పంపింది. నేను వద్దనలేదు.

ఇంతకీ, మీలో ఎవరైనా విదేశీ పిల్లకి గది ఇవ్వదలుచుకుంటే నేను చెప్పేది కొంచెమే. మీ ఇంటి నియమాలు మొదటిరోజే మొహమాటం లేకుండా చెప్పండి. వాళ్ళవీ అడిగి తెలుసుకోండి. మొహమాటం వల్ల చెడ్డ కాపరాలు ఎన్నో చూశాం, ఇదీ అంతే. తాళంచెవి ఇవ్వండి. ఇంట్లో ఏదో ఒక పని ఇవ్వండి. చేతికి పనిలేని మనిషి చుట్టంగానే మిగిలిపోతుంది. తన ఇంటికి ఫోను చేసుకునే వేళని మన పూజవేళలా కాపాడండి. ఇవన్నీ చేసి, మనం ఏ పని ఎందుకు చేస్తున్నామో అప్పుడప్పుడు మనల్ని మనమే అడుగుదాం. నేను గ్లాసు దగ్గర అడగలేదు.

2022 నవంబరు 2న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో సంధి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. డిసెంబరులో ఒక సాయంత్రం ఆ అమ్మాయి ఫోను మోగింది. అవి వాళ్ళ క్రిస్మస్ ముందు వచ్చే ఉపవాసం రోజులు. వాళ్ళ భాషలో ఏడుపులు, నవ్వులు, మళ్ళీ ఏడుపులు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. కాస్త తెరిపిన పడ్డాక వాళ్ళమ్మ ఏదో అడిగింది. ఆ అమ్మాయి మావైపు చూసి నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పింది. "అమ్మ అడుగుతోంది, ఉపవాసం కదా, మాస్టారికి నేను పెట్టినట్టు నీకు వాళ్ళు గిన్నెలు వేరుగా పెడుతున్నారా అని."

"ఏం చెప్పావు?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"అక్కర్లేదమ్మా, ఈ ఇల్లంతా ఏడాది పొడుగునా ఉపవాసమే అని చెప్పాను."

2023లో డాక్టరేటు పుచ్చుకుని ఆ అమ్మాయి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. మా అత్తగారు తన ఇత్తడి కాఫీ ఫిల్టరు ఇచ్చి పంపారు. మా ఇంట్లో స్టీలు గ్లాసులు పన్నెండు ఉన్నాయి. అందులో ఆ వేరే గ్లాసు ఏదో, ఇప్పుడు ఎంత వెతికినా నాకు తెలీదు.

సెలవు.